సైకిల్ మీద ఆఫీసుకి: కిలోమీటరుకి డబ్బులా, ఆఫీసులో వసతులా?

ఉద్యోగుల్ని సైకిల్ మీద రప్పించాలనుకునే కంపెనీ ముందు సాధారణంగా రెండు దారులుంటాయి. తొక్కిన దూరానికి కిలోమీటరుకి ఇంత అని ఇవ్వడం, లేదా ఆఫీసులోనే స్నానాల గది, లాకర్లు, తాళం వేసుకునే స్టాండు పెట్టించడం.

డబ్బు పద్ధతి మొదలుపెట్టడం తేలిక. ఫ్రాన్స్‌లో 2014లో కొన్ని కంపెనీలు కిలోమీటరుకి 25 యూరో సెంట్లు ఇచ్చి చూశాయి, బెల్జియం, నెదర్లాండ్స్‌లో ఇలాంటి భత్యం మామూలే. కాకపోతే ఇది ఎక్కువగా ఇప్పటికే తొక్కేవాళ్లకి అందుతుంది, పైగా దూరం లెక్కలు ఎవరో ఒకరు చూసుకోవాలి.

వసతులకి ముందే ఖర్చవుతుంది, నిజమే. కానీ మనిషి ఎందుకు ఆగిపోతున్నాడో ఆలోచించండి: గంటకి 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 5 కిలోమీటర్లు 20 నిమిషాల పని, అది చాలామందికి కష్టమేమీ కాదు, అసలు టెన్షన్ చెమట పట్టిన బట్టలతో మీటింగ్‌లో కూర్చోవడం గురించి, సాయంత్రం వచ్చేసరికి సైకిల్ ఉంటుందో లేదో అన్నదాని గురించి. ఈ భయాన్ని భత్యం తీర్చదు. ముఖ్యంగా ఆడవాళ్లకి బట్టలు మార్చుకునే చోటు లేకపోతే మిగతావన్నీ ఉన్నా దండగే.

అందుకే నా ఓటు వసతులకే. చిన్న ఆఫీసై స్నానాల గది కుదరకపోతే కనీసం గట్టి స్టాండు, బట్టలు మార్చుకునే గది పెట్టండి, ఉదయం ఓ పావుగంట ఆలస్యమైతే నిలదీయకండి. భత్యం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.