రోమన్ నంబర్లలోకి మార్చాలంటే: తీసేసుకుంటూ పోవాలా, స్థానాలుగా విడగొట్టాలా, ఏది మేలు?

1994ని రోమన్‌లో రాయమంటే జనం రెండు రకాలుగా మొదలుపెడతారు. కొందరు పక్కన టేబుల్ పెట్టుకుని, ఇందులో పట్టే అతి పెద్ద విలువ ఏంటా అని చూసి దాన్ని తీసేసి, మిగిలిందాంట్లో మళ్ళీ అదే పని చేస్తారు. ఇంకొందరు 1000, 900, 90, 4 అని విడగొట్టి ఒక్కో ముక్కనీ మార్చి పక్కపక్కన పెడతారు. ఎలా చేసినా ఆన్సర్ ఎం-సీఎం-ఎక్స్‌సీ-ఐవీ యే. కానీ చేత్తో రాసేటప్పుడు మాత్రం నా ఓటు రెండోదానికే.

తీసివేతలో అసలు ఇబ్బంది ఏంటంటే చాలామంది ఏడు అక్షరాలతోనే దిగిపోతారు. ఐ 1, వీ 5, ఎక్స్ 10, ఎల్ 50, సీ 100, డీ 500, ఎం 1000, ఇంతే కదా అని 9 మొదలుపెడితే ముందు వీ రాసి, మిగిలిన 4కి నాలుగు ఐలు పెట్టేస్తారు, తర్వాత అయ్యో నాలుగు ఐలు ఉండకూడదుగా అని వాటిని ఐవీ చేస్తే వీ-ఐవీ అనే వింత నంబర్ తయారవుతుంది, రావాల్సింది ఐఎక్స్. (చాలా గడియారాల మీద 4కి నాలుగు ఐలే ఉంటాయి, రోమ్ కొలోసియంలో 44వ గేటు మీద కూడా ఎక్స్‌ఎల్ పక్కన నాలుగు ఐలే చెక్కారు. పాతవాళ్ళకి చెల్లింది, పరీక్ష పేపర్లో మనకి చెల్లదు.) అందుకే టేబుల్లో 900, 400, 90, 40, 9, 4 కూడా చేర్చి మొత్తం 13 వరసలు పెట్టుకోవాలి. అప్పుడు పద్ధతి తప్పు పోదు, కానీ 3888 లాంటిది తగిలితే ఏకంగా 15 సార్లు తీసివేత చెయ్యాలి, ఆన్సర్‌లో అక్షరాలు 15 కాబట్టి. మధ్యలో ఒక్క లెక్క తప్పినా అక్కణ్ణుంచి అంతా పోయినట్టే.

స్థానాల పద్ధతిలో అదే 3888కి నాలుగు ముక్కలు చాలు, తీసివేతే లేదు. పైగా గుర్తుపెట్టుకోవాల్సింది నిజానికి ఒక్క వరసే. 1 నుంచి 9 దాకా ఐ, వీ, ఎక్స్‌లతో ఎలా రాస్తామో, పదుల్లో అదే వరస ఎక్స్, ఎల్, సీలతో, వందల్లో సీ, డీ, ఎంలతో. 7 అంటే వీఐఐ, 70 అంటే ఎల్‌ఎక్స్ఎక్స్, 700 అంటే డీసీసీ, చూస్తే అచ్చు ఒకే బొమ్మ. సున్నా ఉన్న చోట ఏమీ రాయక్కర్లేదు, 2005 అంటే ఎంఎం-వీ, అంతే. ఇంకో లాభం ఏంటంటే 1999కి తెలివిగా ఎం-ఐ-ఎం అని కుదించేసే తప్పు ఇందులో చెయ్యలేం, ప్రతి అంకె దాని స్థానంలోనే మారుతుంది కదా, ఎం-సీఎం-ఎక్స్‌సీ-ఐఎక్స్ అని తప్పనిసరిగా పూర్తిగా వస్తుంది.

అయితే కోడ్ రాస్తున్నారంటే నా మాట వెనక్కి తీసుకుంటా. కోడింగ్ ప్రాక్టీస్ చేసుకునే సైట్ లీట్‌కోడ్‌లో 12వ ప్రాబ్లమ్ ఇదే, అక్కడ 13 జతల లిస్టూ ఒక లూపూ ఉంటే పని అయిపోతుంది, 15 సార్లు తీసివేత కంప్యూటర్‌కి ఒక లెక్క కాదు. స్థానాల పద్ధతిలోనూ రాయొచ్చు గానీ నాలుగు లిస్టులు టైప్ చెయ్యాలి, ఎక్కడో ఒక ఎక్స్ ఎక్కువ పడితే వెతుక్కోవడం విసుగు.

ఎక్సెల్ ఉంటే ఈ గొడవే లేదు, రోమన్ అనే ఫార్ములా ఉంది. కాకపోతే దానికి రెండో విలువగా 4 ఇస్తే 499ని ఐడీ అని కుదించి చూపిస్తుంది, మామూలుగా రాసే సీడీ-ఎక్స్‌సీ-ఐఎక్స్ కావాలంటే ఆ రెండో విలువ వదిలెయ్యండి.

ఇక 4000 వస్తే పైవేవీ పనికిరావు, వరసగా నాలుగు ఎంలు రాయం కదా, ఐవీ మీద అడ్డగీత గీసి వెయ్యి రెట్లు అని చూపించాలి, ఎక్సెల్ అయితే 3999 దాటితే ఎర్రర్ ఇచ్చి చేతులెత్తేస్తుంది.