అత్తయ్య గుండె వాల్వ్‌కి రివ్యూ: వాల్వ్‌కి నాలుగున్నర, సర్వీసుకి రెండు

వాల్వ్‌కైతే ఐదుకి నాలుగున్నర స్టార్లు ఇస్తాను. అది పెట్టాక గుంటూరు, విజయవాడల్లో మాకు దొరికిన సర్వీసుకి రెండు, అదీ ఒక డాక్టరు గారి మొహం చూసి.

మా అత్తయ్యకి చిన్నప్పటి కీళ్ల జ్వరం వల్ల మైట్రల్ వాల్వ్ (గుండెలో ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండేది) పాడైంది. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేసి చిత్రా వాల్వ్ పెట్టారు. తిరువనంతపురం శ్రీ చిత్రా సంస్థ వాళ్లు రూపొందించిన మన దేశపు వాల్వ్, 1990లో మొదటిసారి మనిషికి పెట్టారు. లోహపు రింగు, అందులో వాలుతూ లేస్తూ ఉండే ఒక్క ప్లాస్టిక్ బిళ్ల, అంతే. రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగిందంటే పక్క మంచం వరకూ టక్ టక్ అని వినిపిస్తుంది. మాకు అలవాటైపోయింది, వినిపించకపోతేనే మామయ్య లేచి కూర్చుంటారు.

"అవి లోపల విరిగిపోతాయటగా" అని ఫోన్ చేసి మరీ టెన్షన్ పెట్టే చుట్టాలు మాకూ ఉన్నారు. వాళ్లు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు. బ్యార్క్-షైలీ కన్వెక్సో-కాన్కేవ్ అని ఒక వాల్వ్ ఉండేది. 1979లో అమెరికాలో అనుమతి వచ్చింది, 1986లో మార్కెట్లోంచి తీసేశారు, ఈలోపు ప్రపంచం మొత్తం మీద దాదాపు 86 వేల మందికి పెట్టేశారు. బిళ్లని పట్టి ఉంచే రెండు లోహపు కొక్కేల్లో ఒకటి రింగుతో కలిపి చేసింది, రెండోది వెల్డింగ్‌తో అతికించింది. గుండె ఏడాదికి మూడున్నర కోట్ల సార్లకి పైగా కొట్టుకుంటుంది కదా, బిళ్ల మూసుకునేటప్పుడు ఆ రెండో కొక్కేం కొస మీద దెబ్బ పడీ పడీ, కొందరిలో ఆ కొక్కేం రెండు కాళ్లలో ముందు ఒకటి విరిగి, తర్వాత రెండోదీ విరిగి బిళ్ల ఊడి రక్తంలో కొట్టుకుపోయేది. అలా జరిగినవాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మంది బతకలేదు. ముందే మార్పించుకుందామంటే రెండో ఆపరేషనే ప్రాణం మీదకి తేవచ్చు, ఆ పేషెంట్లు ఏళ్ల తరబడి ఎలా నిద్రపోయారో ఏమో.

అత్తయ్య వాల్వ్‌లో ఆ గొడవ లేదు. ఫ్రేమ్ మొత్తం ఒకే లోహపు దిమ్మలోంచి చెక్కింది, వెల్డింగ్ అనేదే లేదు. బిళ్ల గట్టి రకం పాలీఎథిలీన్, అది తనంతట తను తిరుగుతూ ఉంటుంది కాబట్టి అరుగుదల ఒక్కచోటే పడదు. ముందు చేసిన మూడు మోడళ్లు పనికిరావని పక్కన పెట్టి నాలుగోది మనుషులకి పెట్టారు. అందుకే విరుగుతుందన్న భయం నాకు లేదు.

అసలు భయం రక్తం గడ్డకట్టి బిళ్ల ఇరుక్కుపోవడం గురించి. దానికి రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ మాత్ర రోజూ, ఐఎన్‌ఆర్ టెస్టు తరచూ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సేపు పడుతోందో చెప్పే నంబరు, అది తక్కువైతే మాత్ర పెంచుతారు). ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మాత్రకి అడ్డుపడుతుంది, అయినా గోంగూర మానేయమనలేదు, తింటే ఎప్పుడూ ఒకే లెక్కలో తినమన్నారు (గుంటూరులో పుట్టినావిడకి ఆ లెక్క చెప్పడం మాత్రం డాక్టరు గారి వల్ల కాలేదు). కొత్తపేటలో మేం వెళ్లే ల్యాబ్ ఒకసారి 1.7 ఇచ్చింది, అదే రోజు పక్క వీధి ల్యాబ్ 2.9 ఇచ్చింది. మొదటిది నమ్మి మాత్ర పెంచి ఉంటే ఏమయ్యేదో. డాక్టరు గారు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి, "మొదటి వాళ్లు కొత్త కిట్ వచ్చాక దాని ఐఎస్‌ఐ విలువ మిషన్‌లో మార్చారో లేదో కనుక్కోండమ్మా" అన్నారు. ఐఎస్‌ఐ అంటే ఐఎన్‌ఆర్ లెక్కగట్టడానికి ఒక్కో కిట్‌తో పాటు ఇచ్చే నంబరు. కనుక్కుంటే మార్చలేదు. కౌంటర్లో కుర్రాడు మాత్రం "అటూ ఇటుగా వస్తుంది మేడమ్" అని తేలిగ్గా తీసేశాడు.

ఇక విజయవాడ. ఎకోలో (గుండె స్కానింగ్‌లో) వాల్వ్ దగ్గర ప్రెషర్ ఎక్కువగా ఉందని సూర్యారావుపేటలో ఒక పెద్ద హాస్పిటల్‌కి పంపారు. అక్కడ అత్తయ్య ఇంప్లాంట్ కార్డు (లోపల ఏ వాల్వ్ పెట్టారో రాసి ఉండేది) తీసి చూపించబోతే "అవసరం లేదమ్మా" అని, ముందే డబ్బులు కట్టించుకుని ఫ్లోరోస్కోపీకి, అంటే కదలికలు చూపించే ఎక్స్‌రేకి తీసుకెళ్లారు. కార్బన్ రెక్కల వాల్వ్ అయితే ఆ టెస్టు భేషుగ్గా పనికొస్తుంది, రెక్కలు తెరుచుకుంటున్నాయో లేదో స్క్రీన్ మీద కనిపిస్తాయి. చిత్రా బిళ్ల ప్లాస్టిక్, ఎక్స్‌రేకి కనపడదు. నేను వాల్వ్‌కి అర స్టారు కోసింది దానికే. స్క్రీన్ మీద రింగు ఒక్కటే గుండెతో పాటు ఊగుతోంది, టెక్నీషియన్ బిళ్ల కోసం అటు తిప్పీ ఇటు తిప్పీ వెతుకుతున్నాడు. అప్పుడు కార్డు అడిగారు!

చివరికి గొంతులోంచి చేసే ఎకోతో తేలింది, గడ్డ ఏమీ లేదు, ఒంట్లో రక్తం తగ్గి గుండె వేగంగా కొట్టుకోవడం వల్ల ఆ నంబరు పెరిగిందట. ఐరన్ మాత్రలు రాసి పంపారు. వాల్వ్ ఉన్నవాళ్లు ఎవరైనా సరే, కంపెనీ, సైజు, సీరియల్ నంబరు ఉన్న ఆ కార్డు ముందు డాక్టరు చేతిలో పెట్టి, చూశాకే బిల్లు కట్టండి. ఫ్లోరోస్కోపీ డబ్బులు వెనక్కి ఇవ్వమని మామయ్య అడిగితే, "మిషన్ ఆన్ చేశాం కదా సార్" అన్నారు.