టిన్ను అడుగున తేదీ: మూడేళ్లుగా ఒకే క్రాఫ్ట్ బ్రూవరీ బీర్లు తాగాక

ఈ బ్రూవరీ గురించి చెప్పాలంటే రుచికంటే ముందు టిన్ను తిరగేసి అడుగు చూపించాలి. అక్కడ రెండే వరుసలుంటాయి: నింపిన తేదీ, బ్యాచ్ నంబరు. చాలా కంపెనీలు "ఫలానా తేదీలోపు తాగండి" అని మాత్రమే వేస్తాయి. ఆ గడువు ఆరు నెలలా, తొమ్మిది నెలలా, ఏడాదా అన్నది వాళ్లిష్టం కాబట్టి దాన్ని చూసి బీరు వయసు లెక్కకట్టలేం. వీళ్లు మొదటి నుంచీ నింపిన రోజునే వేస్తున్నారు. మూడేళ్లలో వీళ్ల బీర్లను అర్థం చేసుకోవడానికి నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఆ ముద్రే. ఆల్కహాల్ శాతం, చేదు అంకె, హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) పేర్లు లేబుల్ మీదే ఉంటాయి కనుక వాటి జోలికి పోవడం లేదు.

ముందు రేటింగుల సంగతి. హాప్స్ వాసన దట్టించి మసగ్గా ఉండే వీళ్ల హేజీ ఐపీఏకి, తాగినవాళ్లు బీర్లకు మార్కులిచ్చే అన్‌టాప్డ్ యాప్‌లో 4 పైనే ఉంది. చల్లగా, నిదానంగా పులియబెట్టే లాగర్ల రకమైన పిల్స్‌నర్ 3.5 దగ్గరే ఆగిపోయింది. ఇది వీళ్ల ఒక్కరి కథ కాదు. ఎక్కడ చూసినా హేజీలు, డబుల్ ఐపీఏలు, పీపాల్లో మాగిన నల్లటి స్టౌట్‌లు పైన ఉంటాయి, లాగర్లు కింద ఉంటాయి. 0.25 నుంచి 5 దాకా ఉండే ఆ మార్కు చాలాసార్లు వరుసగా పెట్టిన నాలుగైదు చిన్న గ్లాసుల్లో ఒకదానికి పడుతుంది. అలాంటి వరుసలో గట్టి వాసన ఉన్నదే గెలుస్తుంది. గ్లాసు నిండా తాగాక ఇంకో గ్లాసు కావాలనిపించిందా అన్న ప్రశ్నకు ఆ మార్కులో చోటే లేదు. పైగా ఐదు రోజుల టిన్నుకు వచ్చిన మార్కు, ఐదు నెలలు ఎండ తగిలే అరలో కూర్చున్న టిన్నుకు వచ్చిన మార్కు ఒకే సగటులో కలిసిపోతాయి. అందుకే సగటు వదిలేసి గత నెల రోజుల్లో వచ్చినవి మాత్రం చదవాలి. అందులోనూ అంకె కాదు, మాటలు చూడాలి. "తడి అట్ట", "వెన్న", "ఉడికిన మొక్కజొన్న" లాంటి మాట ఒకే వారంలో ముగ్గురు రాస్తే అది బీరులోని లోపమే, ముగ్గురి నాలుకల లోపం కాదు.

ఆ 3.5 పిల్స్‌నరే ఈ బ్రూవరీలో అన్నిటికన్నా మంచి బీరు అని నా గట్టి అభిప్రాయం. లేత బంగారు రంగు, తేటగా ఉండే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజల) రుచి, పొడిగా ముగిసే చేదు. ఇందులో తప్పు దాచడానికి చోటు లేదు. పిల్స్‌నర్ మాల్ట్ వాడినప్పుడు కాచడం తగ్గించినా, కాచాక చల్లార్చడం ఆలస్యం చేసినా ఉడికిన మొక్కజొన్న వాసన మిగిలిపోతుంది. 10 డిగ్రీల దగ్గర నిదానంగా పులియబెట్టి, ఆపైన సున్నా దగ్గర వారాలపాటు ఊరనివ్వకపోతే గంధకం వాసన పోదు. ట్యాంకును అన్ని వారాలు ఒకే బీరుకు కట్టేయడం చిన్న బ్రూవరీకి మామూలు త్యాగం కాదు. ఆ సమయంలో రెండు ఐపీఏలు చేసి అమ్ముకోవచ్చు. మూడేళ్లలో తాగిన ఏ బ్యాచ్‌లోనూ మొక్కజొన్న వాసన లేదు, గంధకం వాసన లేదు. శుభ్రంగా కడిగి తడిగా ఉన్న గ్లాసులో 6 డిగ్రీల దగ్గర పోస్తే రెండు వేళ్ల మందాన నురగ నిలుస్తుంది, తాగుతున్న కొద్దీ గ్లాసు గోడకు వలయాలు వలయాలుగా అంటుకుంటుంది. బుడగలు గ్లాసు గోడకే అతుక్కుని కనిపిస్తే మాత్రం బీరును అనకండి, గ్లాసుకు జిడ్డుంది.

ఇక హేజీ ఐపీఏ. మొదటి ఏడాది దీన్ని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ సిఫారసు చేశాను. ఇప్పుడు కొంచెం ఆగి చెప్పాల్సి వస్తోంది. కారణం రెండో ఏడాది వచ్చిన ఒక బ్యాచ్.

ఆ బ్యాచ్ టిన్నులు నింపిన వారానికే చేతికొచ్చాయి. కొన్ని ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర, మూడు బయట గదిలో 25 డిగ్రీల దగ్గర ఉన్నాయి. తొమ్మిదో రోజున తీసిన చల్లటి టిన్నులో వంక పెట్టడానికి ఏమీ లేదు. మామిడి, నారింజ తొక్క, మెత్తటి ఓట్స్, నాలుక మీద దుప్పటి పరిచినట్టున్న చిక్కదనం. ముప్పయ్యో రోజున గదిలో ఉన్న టిన్ను తెరవగానే నురగ పొంగి గ్లాసులో సగం అదే అయింది. అది దిగాక బీరు పలచబడి ఉంది, మామిడి వెనక్కిపోయి పాప్‌కార్న్ మీద పోసే వెన్న వాసన ముందుకొచ్చింది. అదే రోజు తెరిచిన ఫ్రిజ్ టిన్ను మాత్రం తొమ్మిదో రోజు ఉన్నట్టే ఉంది.

వెన్న వాసనకు మూలం డయాసిటైల్. తేలికపాటి బీర్లలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఉన్నా ముక్కుకు తగులుతుంది. ట్యాప్ నుంచి పోసిన బీరులో ఈ వాసన వస్తే బ్రూవరీని వెంటనే తప్పుపట్టలేం. రెండు వారాలకోసారి కడగాల్సిన గొట్టాన్ని రెండు నెలలు వదిలేస్తే అందులో చేరిన బ్యాక్టీరియా కూడా ఇదే వాసన తెస్తుంది. టిన్నుకు గొట్టం గొడవ లేదు. టిన్నులోనే బ్యాక్టీరియా ఉందనుకుంటే వెన్నతోపాటు పులుపు కూడా రావాలి, ఇక్కడ పులుపు జాడే లేదు. మిగిలిన అనుమానం డ్రై హాపింగ్ మీదికి పోయింది.

ఐపీఏలో వాసన కోసం పులిసిన బీరులోనే మళ్లీ హాప్స్ వేస్తారు. హేజీల్లో లీటరుకు 10 నుంచి 20 గ్రాముల దాకా పడతాయి. ఆ పచ్చి హాప్స్‌లో పిండి పదార్థాన్ని విరిచే ఎంజైములు కొద్దిగా ఉంటాయి. అంతకుముందు బీరును పులియబెట్టే ఈస్ట్ తినలేక వదిలేసిన డెక్స్‌ట్రిన్లనే పెద్ద పిండి ముక్కలను అవి విరిచి చక్కెరగా మారుస్తాయి, ఈస్ట్ మళ్లీ పని మొదలుపెడుతుంది. బ్రూవర్లు దీన్ని హాప్ క్రీప్ అంటారు. పేరు కొత్తదే కానీ సంగతి పాతది. బ్రౌన్, మోరిస్ అనే ఇద్దరు ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్తలు 1893లోనే దీన్ని నమోదు చేశారు. ఈస్ట్ అలా మళ్లీ కదిలినప్పుడు ఆల్ఫా ఎసిటోలాక్టేట్ అనే పదార్థాన్ని బయటికి వదులుతుంది. దానికి వాసన లేదు. నెమ్మదిగా, వెచ్చగా ఉంటే తొందరగా, అది డయాసిటైల్‌గా మారుతుంది. ట్యాంకులో సరిపడా ఈస్ట్ ఉంటే ఆ డయాసిటైల్‌ను తిరిగి తీసుకుని శుభ్రం చేసేస్తుంది. హాప్స్ వేసిన మూడో రోజుకే ట్యాంకును సున్నాకు దించి, ఈస్ట్‌ను అడుక్కి పంపి టిన్నుల్లో నింపేస్తే శుభ్రం చేసే దిక్కుండదు. అందుకే నింపిన రోజు రుచి చూస్తే ఏ తప్పూ కనిపించదు, నెల తిరిగాక వెన్న బయటపడుతుంది.

దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మూత ఉన్న గాజు సీసాలు రెండు, ఒక థర్మామీటరు, వేడినీళ్ల గిన్నె చాలు. ఎప్పుడూ చల్లగానే ఉన్న టిన్ను తీసి, బీరును రెండు గ్లాసుల మధ్య పదిసార్లు ఎత్తిపోసి గ్యాస్ పోగొట్టాలి. ఈ పని సరిగ్గా చేయకపోతే వేడికి మూత ఎగిరిపోతుంది. ఒక్కో సీసాలో 100 మిల్లీలీటర్లు పోసి మూత పెట్టాలి. ఒకటి పక్కన ఉంచి, రెండోదాన్ని 65 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు ఉంచాలి. నీళ్లు చల్లారుతుంటే వేడినీళ్లు కలుపుతూ 60 కిందికి దిగకుండా చూసుకోవాలి. తర్వాత రెండింటినీ చల్లటి నీళ్లలో పెట్టి ఒకే చల్లదనానికి తేవాలి. వేడి సీసాను, చల్లటి సీసాను పోలిస్తే ముక్కు మోసపోతుంది. ఒక్కో మూత తీసి వెంటనే వాసన చూడాలి. రెండూ శుభ్రంగా ఉంటే బీరు బాగున్నట్టు. రెండింటిలోనూ వెన్న ఉంటే డయాసిటైల్ అప్పటికే తయారైపోయినట్టు. వేడి చేసినదాంట్లోనే ఉంటే దాని ముడిసరుకు టిన్నులో కాచుకుని ఉన్నట్టు.

ఆ బ్యాచ్‌లో జరిగింది ఆ మూడోదే. పక్కన ఉంచిన సీసాలో మామిడి, వేడి చేసిన సీసాలో వెన్న. అంటే తప్పు గది వేడిది మాత్రమే కాదు, ఆ ముడిసరుకు నింపిన రోజే బీరుతోపాటు టిన్నులోకి వెళ్లింది. బీరు సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు మిగతా సగం చెప్పింది. గ్యాస్ పోగొట్టి 20 డిగ్రీల దగ్గర చూస్తే ఫ్రిజ్ టిన్ను 1.016, గది టిన్ను 1.014. తేడా 0.002, అంటే రెండు పాయింట్లే అనిపిస్తుంది కానీ లీటరుకు సుమారు 4 గ్రాముల చక్కెర టిన్ను లోపలే పులిసిందని దానర్థం. దాంతో పుట్టే గ్యాస్ లీటరు బీరుకు ఇంకో లీటరు. మామూలుగా లీటరుకు రెండున్నర లీటర్ల మేర గ్యాస్ ఉండే బీరు మూడున్నరకు చేరింది. నురగ ఎందుకు పొంగిందో, చిక్కదనం ఎందుకు తగ్గిందో దీంతో తెలిసిపోయింది.

అదే వారాల్లో రేటింగుల పేజీ చూస్తే బాధేసింది. మొదటి రెండు వారాలవాళ్లు 4.25, 4.5 ఇచ్చారు. నెల దాటాక కొందరు "బటర్‌స్కాచ్‌లా ఉంది, భలే క్రీమీ" అని ఇంకా ఎక్కువ ఇచ్చారు! లాక్టోస్ (పాల చక్కెర) వేసిన మిల్క్‌షేక్ ఐపీఏ అనుకున్నట్టున్నారు. ఈ బీరులో లాక్టోస్ లేదని లేబుల్ మీద ఉంది. సగటు పెద్దగా కదలలేదు. లోపం ఉన్న బ్యాచ్‌ను పట్టించేది సగటు అంకె కాదని అప్పుడే తేలిపోయింది. పట్టించింది బ్యాచ్ నంబరు. అది రాసి పంపితే బ్రూవరీవాళ్లు సాకులు చెప్పలేదు, మిగిలిన సరుకు వెనక్కి తీసుకున్నారు. ఈస్ట్ ఇంకా పనిచేస్తుండగానే హాప్స్ వేస్తామని, ఇదే వేడి పరీక్ష హాప్స్ తర్వాత మరోసారి చేసి, శుభ్రమని తేలాకే చల్లారుస్తామని చెప్పారు. ఆ తర్వాతి బ్యాచ్‌లలో చేతికొచ్చిన ప్రతిదానికీ సీసాల పరీక్ష పెట్టాను. వెన్న మళ్లీ కనిపించలేదు. కాకపోతే పాత బ్యాచ్‌లలో ముక్కులోకి దూసుకొచ్చిన పచ్చి అనాసపండు వాసన ఇప్పుడు కాస్త తగ్గింది. పులుస్తున్న బీరులో హాప్స్ వేస్తే బయటికి పోయే గ్యాస్ కొంత వాసనను మోసుకుపోతుంది. ఆ మార్పిడికి నేను సిద్ధమే, అందరూ ఒప్పుకోకపోవచ్చు.

తేదీ ముద్రను అంత పొగిడాక దాని లోటు కూడా చెప్పాలి. చుక్కలతో అచ్చయిన ఆ సన్నటి అంకెలు ఫ్రిజ్ చెమ్మకు, వేలి రాపిడికి చెరిగిపోతాయి. కొన్న రోజే తేదీని మార్కర్‌తో టిన్ను పక్కన రాసుకోవడం అలవాటైంది. అంతకన్నా పెద్ద లోటు, ఆ తేదీ బీరు వయసే చెబుతుంది కానీ అది ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పదు. బ్రూవర్లలో ఒక మోటు లెక్క ఉంది: 32 డిగ్రీల దగ్గర 3 రోజులు, 22 దగ్గర 30 రోజులు, 3 దగ్గర 300 రోజులు బీరును దాదాపు ఒకేలా ముసలిదాన్ని చేస్తాయని. కచ్చితమైన సూత్రం కాదు గానీ, వేడి అరలో నెల రోజులున్న టిన్ను కంటే చల్లటి అరలో మూడు నెలలున్నది తాజాగా ఉండొచ్చని చెప్పడానికి సరిపోతుంది. హేజీకి ఆక్సిజన్ భయం కూడా ఎక్కువ. నింపేటప్పుడు టిన్నులో చిక్కుకున్న ఆ కాస్తా చాలు. ఫ్రిజ్‌లోనే పది వారాలుంచిన టిన్నులో పసుపు పోయి బూడిద కలిసిన గోధుమరంగు వచ్చింది, వాసనలో పండు పోయి తడి అట్ట మిగిలింది. పిల్స్‌నర్ అదే వయసులో కొంచెం తేనె వాసన పట్టిందంతే.

పండ్ల సోర్ బీరు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. శుభ్రంగా ఉంటుంది, సగం గ్లాసుకే పులుపు చాలనిపిస్తుంది. ఇంపీరియల్ స్టౌట్ బాగుంటుంది, 12 డిగ్రీల దాకా వెచ్చబడనిస్తే చాక్లెట్ తెరుచుకుంటుంది. కాఫీ వేసిన రకాన్ని మాత్రం దాచకండి. నాలుగైదు నెలలకు కాఫీ తగ్గి పచ్చి క్యాప్సికం వాసన మొదలవుతుంది.

నా లెక్కలో ఇది మంచి బ్రూవరీ. అయితే చల్లటి అరలోంచి కొని నేరుగా ఫ్రిజ్‌లో పెట్టుకునే వీలు ఉన్నవాళ్ల లెక్క ఇది. చేదు నచ్చనివాళ్లకు పిల్స్‌నర్ మీద నా ప్రేమ అతిగా అనిపించవచ్చు. వారానికి ఒకటి రెండు తాగేవాళ్లు హేజీని ఒకేసారి డజను కొనొద్దు. ఆఖరి టిన్ను దగ్గరికి వచ్చేసరికి బీరు తాజాగా ఉండదు. ప్రస్తుతం ఇక్కడ కొనే తీరు ఇలా ఉంది: నాలుగు పిల్స్‌నర్లు, తేదీ మూడు వారాల లోపు ఉంటేనే రెండు హేజీలు. అరలో వెచ్చగా కనిపిస్తే హేజీ అసలు లేదు, ఆ రోజుకు పిల్స్‌నర్లే ఆరు.