‘నేనెవరు?’ ఇరవై గీతల కాగితం: తెలుగులో ఎంతవరకు పనికొస్తుంది

వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లోనూ సైకాలజీ ప్రాక్టికల్స్‌లోనూ చేతికిచ్చే కాగితం ఒకటుంది. పైన ‘నేనెవరు?’ అని ఉంటుంది. కింద ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు, వాటి పక్కన ఖాళీ గీతలు. అంతే. దీన్ని ఇరవై వాక్యాల పరీక్ష అంటారు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం నుంచి మాన్‌ఫర్డ్ కూన్, థామస్ మెక్‌పార్ట్‌లాండ్ 1954లో దీన్ని ప్రచురించారు. భీమవరం చెరువు గట్ల నుంచి కోనసీమ లంకల దాకా ఉన్న మనుషుల చేతికి ఈ కాగితం తెలుగులో అందితే ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది అన్నది ఈ సమీక్ష.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి. ఒక తెల్ల కాగితం, ఒక పెన్ను, పన్నెండు నిమిషాలు ఉంటే చాలు, పరీక్ష అయిపోతుంది. దాని వెనకున్న ఆలోచన మాత్రం చాలా లోతైంది. అమెరికా తత్వవేత్త జార్జ్ హెర్బర్ట్ మీడ్ షికాగోలో చెప్పిన పాఠాలు, ఆయన 1931లో పోయాక, 1934లో పుస్తకంగా వచ్చాయి. పసిబిడ్డకి పుట్టుకతోనే ‘నేను’ ఉండదని ఆయన వాదం. బిడ్డ కాసేపు అమ్మగా, కాసేపు కొట్టువాడిగా, కాసేపు మాస్టారిగా ఆడుకుంటూ ఒక్కొక్కరి కళ్లతో తనని చూసుకోవడం నేర్చుకుంటుంది. తర్వాత జట్టు ఆటలో అందరి స్థానాలూ ఒకేసారి మనసులో పెట్టుకోగలిగినప్పుడు ‘నేను’ నిలదొక్కుకుంటుంది. ఆ అందరి ఉమ్మడి చూపుని పుస్తకాల్లో ‘సాధారణీకృత ఇతరుడు’ అని అనువదిస్తుంటారు. మనకి అంతకన్నా సూటైన మాట ఇంట్లోనే ఉంది: నలుగురు. ‘నలుగురూ ఏమనుకుంటారు?’ అన్నప్పుడు ఆ నలుగురికి పేర్లూ ముఖాలూ ఉండవు. మీడ్ మాట్లాడింది సరిగ్గా వాళ్ల గురించే. అయితే ఆయన కొలబద్ద ఇచ్చి పోలేదు. కూన్ ఈ కాగితంతో ఆ లోటు పూడ్చాలనుకున్నాడు.

పెట్టే పద్ధతి తేలికే గానీ చిన్న తప్పుకే చెడిపోతుంది. అసలు సూచనల సారం ఇది: ‘నేనెవరు’ అన్న ప్రశ్నకి ఇరవై వేర్వేరు జవాబులు రాయండి, మీకు మీరే చెప్పుకుంటున్నట్టు రాయండి, ఇంకొకరికి చెబుతున్నట్టు వద్దు, తోచిన వరుసలోనే రాయండి, ఏది ముఖ్యం ఏది కాదు అని ఆలోచించకండి, కాస్త త్వరగా కానివ్వండి. ఈ మాటల్లో ఏ ఒక్కటి వదిలేసినా ఫలితం మారుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు, క్లాసు చెప్పేవాళ్లు బోర్డు మీద ఒక ఉదాహరణ రాయడం. ‘నేను కష్టపడే మనిషిని’ అని రాశారంటే, గదిలో సగం కాగితాల మీద అదే మాట కనిపిస్తుంది. ఉదాహరణ ఇవ్వకండి. పక్కపక్కన కూర్చోబెట్టకండి. కాగితం మీద పేరు రాయించకండి, ఒక గుర్తు అంకె వేస్తే సరిపోతుంది. పేరు పడిన కాగితం వీధి అరుగు లాంటిది, దాని మీద ఎవరైనా సర్దుకునే కూర్చుంటారు. మనకి కావాల్సింది పెరట్లో మాట. సమాజ శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్మన్ 1950ల్లో రంగస్థలం పోలికతో ముందువైపు, వెనకవైపు అని చెప్పిన తేడా ఇదే.

ఇరవై నిండకపోతే కంగారు పడక్కర్లేదు. కూన్ వాళ్ల కాలేజీ విద్యార్థుల్లోనే జవాబుల మధ్యమ సంఖ్య (అందరి లెక్కలూ వరుసగా పేరిస్తే నడిమిది) 17. పన్నెండు నిమిషాలు కాగానే కాగితాలు తీసుకోవాలి. ‘ఇంకా మూడు ఉన్నాయి, రాయండి’ అని బలవంతం చేస్తే చివరి గీతల్లో సామెతలూ సుభాషితాలూ వచ్చి చేరతాయి.

లెక్క ఇలా కడతారు. ప్రతి జవాబునీ రెండు కుప్పల్లో ఒకదాంట్లో వేయాలి. ఎవరు వింటున్నా హద్దు తెలిసే మాట ఒక కుప్ప: విద్యార్థిని, భార్యని, కౌలు రైతుని, కొబ్బరి దింపు కార్మికుణ్ణి. చెప్పినవాళ్లు వివరిస్తే తప్ప హద్దు తెలియని మాట రెండో కుప్ప: సరదా మనిషిని, కాస్త లావుగా ఉంటాను, మంచి భార్యని. ‘భార్యని’ మొదటిది, ‘మంచి భార్యని’ రెండోది. ఒక్క విశేషణంతో కుప్ప మారిపోతుంది. జనం ఎక్కువగా మొదటి రకం మాటలన్నీ అయ్యాకే రెండో రకంలోకి దిగుతారని కూన్ గమనించాడు. అందుకే వరుస ముఖ్యం. తర్వాత మెక్‌పార్ట్‌లాండ్ నాలుగు గదుల పద్ధతి తెచ్చాడు: ఒంటి వివరాలు, సంఘంలో స్థానం, స్వభావం, చివరగా ఏ సందర్భానికీ అందని ‘నేనొక మనిషిని’, ‘నేను ఆత్మని’ లాంటివి.

ఇక తెలుగు కాగితంలో లోపాలు. మొదటిది శీర్షికే. ‘నేనెవరు?’ అని అచ్చంగా రాస్తే, రమణ మహర్షి మాట చెవిన పడ్డ ప్రతివాళ్లకీ అది ఆత్మ విచారణలా వినిపిస్తుంది. నాలుగో గది అకారణంగా నిండుతుంది. ‘మీ గురించి మీరు చెప్పుకోండి’ అని పెడితే ఈ బరువు చాలావరకు తగ్గుతుంది.

రెండోది అంతకన్నా పెద్దది. కొన్ని కాగితాల్లో ప్రతి గీతకీ ముందు ‘నేను’ అని అచ్చు వేసి, ఖాళీ వదిలి, చివర ‘ని’ అని పెడతారు. ఇంగ్లిష్ నమూనాని యథాతథంగా దించడం వల్ల వచ్చిన అనర్థం ఇది. తెలుగులో మనసు సంగతులు చాలావరకు ‘నేను’తో మొదలు కావు, ‘నాకు’తో మొదలవుతాయి. నాకు కోపం ఎక్కువ. నాకు భయం. నాకు ఒంటరిగా ఉండటం ఇష్టం. ఊరూ ఇల్లూ ‘మాది’తో వస్తాయి. ‘నేను … ని’ అనే చట్రంలో సుఖంగా ఇమిడేవి టీచర్ని, కోడల్ని, రైతుని లాంటి నామవాచకాలే. అంటే కాగితమే మనిషిని పాత్రల వైపు నెడుతోంది. ఆ తర్వాత లెక్క కట్టి ‘తెలుగువాళ్ల ఆత్మభావనలో పాత్రలే ఎక్కువ, సొంత మనసు తక్కువ’ అని తేలిస్తే, అది మనుషుల గురించి తేలిన నిజం కాదు, అచ్చు తప్పు. గీతకి ముందు అంకె తప్ప ఇంకేమీ ఉండకూడదు. వాక్యం ఎలా మొదలుపెట్టాలో రాసేవాళ్లనే తేల్చుకోనివ్వాలి.

మూడోది లెక్క కట్టేవాళ్ల దగ్గర వస్తుంది. జవాబులన్నీ ఇంగ్లిష్‌లోకి మార్చి లెక్కపెడితే ‘మేం లంకవాళ్లం’, ‘మనం లంకవాళ్లం’ రెండూ ఒకటైపోతాయి. ‘మేం’ అన్నప్పుడు చదివేవాణ్ణి బయట నిలబెట్టారు. ‘మనం’ అన్నప్పుడు లోపలికి పిలిచారు. ఆత్మభావన గురించిన పరీక్షలో ఇంతకన్నా విలువైన తేడా ఏముంటుంది? దానికి విడిగా ఒక గుర్తు పెట్టుకోవాలి. అలాగని ప్రతి ‘మా’నీ సమష్టి భావన కింద జమ కట్టకూడదు. ‘మా ఆవిడ’, ‘మా ఆయన’, ‘మా ఇల్లు’ భాషలో స్థిరపడ్డ వాడుకలు, వాటికి లెక్కలో సున్నా.

ఊరి మాటలు ఇంకో చిక్కు. ‘శివారు రైతుని’ అని రాస్తే బయటివాళ్లు ఊరి చివర ఉంటాడేమో అనుకుని స్థలం వివరం కింద వేస్తారు. ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు కాలువ చివరికి ఆలస్యంగా వస్తాయని, తక్కువగా వస్తాయని తెలిసినవాళ్లకే అది ఒక స్థాయి అని, అందులో ఒక ఫిర్యాదు కూడా ఉందని అర్థమవుతుంది. ‘గోదారి నీళ్లు తాగి పెరిగినవాణ్ణి’ని ఏ గదిలో వేయాలి? నాలుగు గదులూ దానికి ఇరుకే. మానవ శాస్త్రవేత్త మెకిమ్ మారియట్ 1976లో ఈ విషయం మీదే రాశాడు. దక్షిణాసియాలో మనిషిని హద్దు గీసుకున్న విడి ముక్కగా చూడరని, ఇచ్చిపుచ్చుకునే అన్నం, నీళ్లు, మాటలతో నిత్యం మారే కలయికగా చూస్తారని ఆయన వాదించాడు. 1984లో వాలెంటైన్ డేనియల్ తమిళ పల్లె గురించి రాస్తూ, ఊరి మన్ను గుణం అక్కడి మనిషిలోకి దిగుతుందనే నమ్మకాన్ని వివరంగా చూపించాడు. ఇలాంటి జవాబుల కోసం ఐదో గది ఒకటి తెరవడం మంచిది. ‘మన్ను-నీరు’ అని పేరు పెట్టుకున్నా తప్పులేదు.

లెక్క ఎలా పడుతుందో చూడటానికి నరసాపురం వైపు లేసు అల్లే ఆవిడ కాగితం ఒకటి ఊహించుకుందాం. 1. మా ఇంటికి పెద్ద కోడల్ని. 2. ఇద్దరు పిల్లల తల్లిని. 3. టెన్త్ వరకు చదివాను. 4. ఇంట్లోనే ఉంటాను. 5. నాకు కోపం తొందరగా వస్తుంది. 6. ఖాళీగా ఉన్నప్పుడు లేసు అల్లుతాను. 7. నా చెయ్యి నీటుగా ఉంటుందంటారు. మొదటి మూడూ తిన్నగా మొదటి కుప్పలోకి వెళ్తాయి. ఐదోది రెండో కుప్ప, అదీ ‘నాకు’తో వచ్చింది కాబట్టే కాగితం మీదకి రాగలిగింది. ఏడో గీత దగ్గర ఆగాలి. ‘అంటారు’ అన్న ఒక్క మాటలో సమాజ శాస్త్రవేత్త చార్ల్స్ కూలీ 1902లో చెప్పిన అద్దం ఉంది. ఎదుటివాళ్లకి ఎలా కనిపిస్తున్నానో ఊహించుకోవడం, దాన్ని వాళ్లు ఎలా తూస్తున్నారో ఊహించుకోవడం, దాన్నిబట్టి గర్వమో చిన్నతనమో కలగడం, ఈ మూడు మెట్లూ ఆ గీతలో ఉన్నాయి. ‘నా చెయ్యి నీటు’ అని రాసి ఉంటే లెక్క అదే, మనిషి వేరు.

అసలు విషయం నాలుగు, ఆరు గీతల మధ్య ఉంది. పని చేసే మనిషి ముందు ‘ఇంట్లోనే ఉంటాను’ అని రాసి, ఆ పనిని ‘ఖాళీగా ఉన్నప్పుడు’ అన్న మాట వెనక పెట్టింది. నరసాపురం లేసు మహిళల మీద మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది ఇదే. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేసే ఈ ఆడవాళ్లని కార్మికులుగా కాకుండా, తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టారని, తక్కువ కూలికి ఆ లెక్కే దన్నయిందని ఆమె చూపించింది. నలుగురి చూపు మనిషి లోపలికి ఎలా దిగుతుందో ఈ రెండు గీతలు చూపిస్తాయి. కుప్పల లెక్క మాత్రమే చూసేవాళ్లకి ఇది దొరకదు. కాగితాన్ని చదవాలి.

ఈ పరీక్షకి చేయదగ్గ పెద్ద సవరణ ఒకటుంది. స్టీవెన్ కజిన్స్ 1989లో జపాన్, అమెరికా విద్యార్థుల్ని పోల్చాడు. మామూలు కాగితం ఇస్తే జపాన్ వాళ్లు స్వభావాన్ని చెప్పే మాటలు తక్కువ రాశారు. అదే ‘ఇంట్లో’, ‘స్నేహితులతో’ అని సందర్భం చెప్పి అడిగితే అమెరికా వాళ్లకన్నా ఎక్కువ రాశారు. సొంత స్వభావం గురించి వాళ్లకి తెలియక కాదు, ఎక్కడ, ఎవరి ముందు అని చెప్పకుండా అడిగితే ఆ ప్రశ్న వాళ్లకి సగం ప్రశ్నే. ఒక మనిషిని ఎంతమంది గుర్తుపడతారో అన్ని సాంఘిక ‘నేను’లు ఉంటాయని విలియం జేమ్స్ 1890లోనే రాశాడు. కాబట్టి ఒక పెద్ద కాగితం బదులు మూడు చిన్న కాగితాలు ఇవ్వండి, ఒక్కోటి ఏడు గీతలు, ఐదేసి నిమిషాలు. పెళ్లయిన ఆడవాళ్లకి పుట్టింట్లో, అత్తింట్లో, పని దగ్గర. చెరువుల మీద పనిచేసేవాళ్లకి ఇంట్లో, చెరువు గట్టు మీద, ఊళ్లో నలుగురిలో. మూడింటినీ ఒకే రోజు ఒకే వరుసలో అందరికీ ఇవ్వకండి. మొదటి కాగితం ప్రభావం తర్వాతి వాటి మీద పడుతుంది, అందుకని గుంపుని మూడు భాగాలు చేసి వరుస మార్చండి. మూడు కాగితాలూ పక్కపక్కన పెడితే ఏ మాట మూడింటిలోనూ నిలిచిందో, ఏది ఒక్క చోటే పుట్టిందో కనిపిస్తుంది. సవరించిన ఈ రూపానికి ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు, ‘నేను … ని’ అచ్చు వేసిన పాత కాగితానికి రెండు.

పోటీగా వాడే మిగతా రెండింటి గురించి క్లుప్తంగా. రోజెన్‌బర్గ్ ఆత్మగౌరవ ప్రశ్నావళిలో 1965 నుంచి పది వాక్యాలు, అందులో ఐదు తిరగేసి రాసినవి, అంటే ఒప్పుకుంటే మార్కు తగ్గేవి. తిరగేసిన వాక్యాలే అనువాదంలో ముంచుతాయి. ‘నాలో గర్వపడాల్సింది పెద్దగా ఏమీ లేదు’ అన్నదానికి ‘ఒప్పుకోను’ అని టిక్కు పెట్టాలంటే రెండు ‘లేదు’లు దాటాలి, పైగా తెలుగులో గర్వం తప్పు గుణం. వినయంతో ‘ఒప్పుకుంటాను’ అన్నవాళ్లకి మార్కు తగ్గిపోతుంది. 53 దేశాల్లో దీన్ని పోల్చిన 2005 నాటి అధ్యయనం కూడా తిరగేసిన వాక్యాల్ని అన్నిచోట్లా ఒకేలా అర్థం చేసుకోవడం లేదని హెచ్చరించింది. ఇక జోహారీ కిటికీ, 1955 నాటిది: నా గురించి నాకు తెలిసినవీ తెలియనివీ, నలుగురికి తెలిసినవీ తెలియనివీ కలిపి నాలుగు గళ్లు. సమ ఉజ్జీల మధ్య బాగుంటుంది. అత్తా కోడలూ ఒకే డ్వాక్రా గ్రూపులో కూర్చున్న చోట, యజమానీ కూలీలూ ఉన్న చోట తెరవకండి. అక్కడ కిటికీలోంచి వచ్చేది గాలి కాదు, గొడవ.

ఇరవై గీతల కాగితాన్ని ఉద్యోగాల ఎంపికకి, పిల్లల్ని సెక్షన్లుగా విడదీయడానికి, మానసిక వ్యాధి ఉందో లేదో తేల్చడానికి వాడకూడదు. దానికి ఆ శక్తి లేదు. ఎవరి గీతల్లోనైనా బతుకు మీద విసుగు, చావు ప్రస్తావన కనిపిస్తే లెక్క పక్కన పెట్టి, గుర్తు అంకెతో ఆ మనిషిని వెతికి పట్టుకుని, విడిగా, నిదానంగా మాట్లాడి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. అంకెకీ మనిషికీ లంకె ఉన్న జాబితాని మొదటి నుంచీ ఒక్కరి దగ్గరే, తాళం వేసి ఉంచేది అందుకే.

రాయడం రానివాళ్లకి ఒకరు అడిగి రాసుకోవాలి. అప్పుడది వేరే పరీక్ష అయిపోతుందని గుర్తుంచుకుని, ఆ కాగితాల్ని మిగతావాటితో కలపకుండా లెక్కకట్టండి. అడిగేది అదే ఊరి మనిషైతే ఇంటిపేరు, వీధి, బంధుత్వం లాంటివి ‘మీకు తెలిసిందే కదండీ’ అని వదిలేస్తారు. పొరుగూరి మనిషైతే వాటితోనే మొదలుపెడతారు. ఎవరు అడిగారో కాగితం మూలన తప్పనిసరిగా రాసి పెట్టుకోండి.