ట్రోమ్సో చలికాలం టూర్లు: దేనికి డబ్బు పెట్టొచ్చు, దేనికి వద్దు

ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో అరోరా, అంటే రాత్రి ఆకాశంలో ఆడే ధ్రువ కాంతులు, చూపించే టూర్ బుక్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఫోటోలు చూసి కంపెనీని ఎంచుకుంటారు. పచ్చటి తెరలు వేలాడే ఆకాశం ఏ కంపెనీ పేజీ తెరిచినా ఉంటుంది, ఎవరు తీసినా అదే ఆకాశం కాబట్టి. చూడాల్సింది బండి. మబ్బు కమ్మిన రాత్రి మిమ్మల్ని ఎంత దూరం తీసుకెళ్లగలరు, దారిలో ఎక్కడెక్కడ ఆపగలరు, ఎన్నింటికి వెనక్కి తిరగాలి? ఈ ఊళ్లో దొరికే అరోరా టూర్లకు మార్కులు వేయాల్సింది ఈ మూడింటి మీదే.

ఈ ఊరు 69 డిగ్రీల 39 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద, అరోరా ఎక్కువగా కనిపించే వలయం కిందే ఉంది. అందుకే కేపీ సూచిక (భూమి అయస్కాంత క్షేత్రం ఎంత అల్లాడుతోందో 0 నుంచి 9 దాకా చెప్పే అంకె) 1, 2 ఉన్నా ఇక్కడ కాంతులు కనిపిస్తాయి. ఫోన్‌లో కేపీ చూసి ‘ఈ రోజు రెండే ఉంది, దండగ’ అని టికెట్ రద్దు చేసుకునేవాళ్లు పొరబడేది ఇక్కడే. పెద్ద అంకె కోసం కాచుకోవాల్సింది జర్మనీలో ఉన్నవాళ్లు. ట్రోమ్సోలో అసలు అడ్డు మబ్బు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల జనవరిలో కూడా ఊళ్లో సగటు చలి మైనస్ 4 దగ్గరే ఉంటుంది. ఆ వెచ్చదనంతో పాటే తేమ, మబ్బు, ఒక్కోసారి వాన కూడా వస్తాయి. తూర్పున లింగెన్ పర్వతాలు ఆ తేమను చాలావరకు ఆపేస్తాయి. వాటి వెనక ఉన్న షీబొట్న్ లోయ వానచాటు ప్రాంతం, మన పడమటి కనుమల వెనక రాయలసీమ ఉన్నట్టు. రాత్రి ఏడింటికి ఈ8 రోడ్డు మీద మినీబస్సులు వరసగా తూర్పుకు పరిగెత్తడానికి కారణం అదే. షీబొట్న్‌కు సుమారు రెండు గంటలు. అక్కడా మబ్బుంటే ఇంకో యాభై కిలోమీటర్లు ఎక్కి ఫిన్లాండ్‌లోని కిల్పిస్‌యార్వి. బయల్దేరినప్పుడు మైనస్ 3 ఉన్న రాత్రి అక్కడ మైనస్ 25 ఉండటం మామూలే. సరిహద్దు దాటితే ఫోన్ గడియారం గంట ముందుకు దూకుతుంది, కంగారు పడొద్దు. రెండు దేశాలూ షెంగెన్‌లోవే కాబట్టి సింగిల్ ఎంట్రీ వీసాతో ఇబ్బంది లేదు. పాస్‌పోర్టు మాత్రం హోటల్ లాకర్లో కాదు, జేబులో ఉండాలి.

ఇప్పుడు బండి సంగతి. పెద్ద బస్సు టూర్ వెయ్యి క్రోనర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. ఎనిమిది నుంచి పదహారు మంది పట్టే మినీబస్ సుమారు 1,500 నుంచి 2,200. క్రోనర్‌కు ఎనిమిది, తొమ్మిది రూపాయలు వేసుకుంటే తేడా చిన్నదేం కాదు. అయినా మినీబస్సుకే మా ఓటు. యాభై మంది బస్సు రోడ్డు పక్కన చిన్న ఖాళీలో ఆగలేదు, దానికి పెద్ద పార్కింగ్ కావాలి. ఆకాశం వెలిగిన క్షణంలో అందరూ దిగేసరికి పది నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి అరోరా ఉధృతంగా ఆడేది ఆ పది నిమిషాలే. దిగాక చుట్టూ యాభై ఫోన్ల వెలుగు. గైడు ఒకరో ఇద్దరో కాబట్టి కెమెరా సరిచేయించుకోవడానికి మీ వంతు వచ్చేసరికి తెర దించేసి ఉంటుంది. డ్రైవర్ నిబంధనలూ ఉన్నాయి: నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి. గైడే డ్రైవర్ అయిన బండిలో ఈ విరామాన్ని ముందే లెక్కేసుకుని ఆపే చోటు ఎంచుకోవడం అనుభవం ఉన్నవాళ్ల పని. ఆకాశం బాగున్నా ‘టైమైంది’ అని లేవదీస్తే తిట్టుకోకండి.

ఊరికి అరగంట దూరంలో గాజు గుడారాలు, వేడి సూపు పెట్టి ఒకే చోట కూర్చోబెట్టే టూర్లు కూడా ఉన్నాయి. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి సౌకర్యమే, టాయిలెట్ ఉంటుంది. కానీ మబ్బు వస్తే చేయగలిగింది సూపు తాగడమే. పడవలో అరోరా టూర్ అయితే అంతకన్నా నష్టం. పడవ మబ్బు దాటి పోలేదు, కదిలే డెక్ మీద ట్రైపాడ్ పెట్టి ఐదు సెకన్ల ఫోటో తీస్తే చుక్కలన్నీ గీతలవుతాయి.

బుక్ చేసే ముందు అడగాల్సినవి: బండిలో గరిష్ఠంగా ఎంతమంది, అవసరమైతే ఫిన్లాండ్ దాకా వెళ్తారా, థర్మల్ సూటుతో పాటు బూట్లు కూడా ఇస్తారా, ట్రైపాడ్ ఉందా, కాంతులు కనిపించకపోతే రెండో టూర్‌కు తగ్గింపు ఉందా. డబ్బు వాపసు ఇచ్చేవాళ్లు అరుదు. ‘గ్యారంటీ’ అని రాసినచోట చిన్న అక్షరాలు చదవండి, సాధారణంగా అది మరోసారి రావడానికి ఇచ్చే హామీ, మళ్లీ వచ్చేంత సెలవు మీకుంటేనే పనికొస్తుంది. ఎత్తు 135 సెంటీమీటర్ల లోపు పిల్లలుంటే వాళ్లకు తగిన సీటు నార్వే చట్టం ప్రకారం తప్పనిసరి. ముందు చెప్పకపోతే బండి దగ్గర ఆపేస్తారు.

కంటికి ఏం కనిపిస్తుందో కూడా నిజం చెప్పుకోవాలి. బలహీనమైన అరోరా మొదట్లో లేత బూడిదరంగు మబ్బు చారలాగే ఉంటుంది. చీకట్లో మన కన్ను రంగును సరిగ్గా పట్టలేదు, కెమెరా మాత్రం అదే చారను పచ్చగా చూపిస్తుంది. బాగా బలపడినప్పుడే కంటికి ఆకుపచ్చ స్పష్టంగా తెలుస్తుంది, అంచుల్లో గులాబీ రంగు మెరిసి కదులుతుంది. చాలామంది బస్సు దిగి ‘ఇదేనా’ అంటారు. ఇరవై నిమిషాలు చీకట్లో కళ్లు అలవాటు పడనిస్తే ఆ మాట వెనక్కి తీసుకుంటారు, మధ్యలో ఫోన్ తెర చూస్తే లెక్క మళ్లీ మొదటికి. కెమెరా ఉంటే లెన్స్ ఎఫ్ 2.8 లేదా అంతకన్నా తెరుచుకునేది, ఐఎస్‌వో 1600 నుంచి 3200, సమయం ఐదు నుంచి పది సెకన్లు. కాంతి వేగంగా ఆడుతుంటే రెండు మూడు సెకన్లకు తగ్గించాలి, లేదంటే మడతలన్నీ కలిసిపోయి పచ్చ రంగు పూసినట్టు వస్తుంది. ఫోకస్ చేత్తో తిప్పి ఒక చుక్క మీద పెట్టుకోండి, ఆటో ఫోకస్ చీకట్లో తడుముకుంటుంది. ఫోన్‌కు నైట్ మోడ్, స్టాండు చాలు. రెండో బ్యాటరీని లోపలి జేబులో ఒంటికి తగిలేలా ఉంచుకోవాలి. బస్సులోకి ఎక్కే ముందు కెమెరాను జిప్ కవర్లో మూసేయండి. వెచ్చగాలి తగిలి లెన్స్ మీద తేమ పట్టిందంటే తర్వాతి స్టాపుకు అది మంచుపొర అవుతుంది, ఇక ఆ రాత్రికి ఫోటోలు లేనట్టే.

మన వాళ్లు చలిలో దెబ్బతినేది ఎక్కువగా కాళ్ల దగ్గర. పైన మూడు స్వెట్టర్లు వేసుకుని కింద జీన్స్, స్పోర్ట్స్ షూస్ తొడుక్కుంటారు. కాటన్ చెమటను పట్టి ఉంచుకుంటుంది, కదలకుండా నిలబడగానే ఆ తడి చల్లబడి వణుకు మొదలవుతుంది. ఒంటికి ఆనుకునే పొర ఉన్నిదో సింథటిక్‌దో ఉండాలి, దాని మీద ఫ్లీస్, పైన కంపెనీ ఇచ్చే సూటు. బూట్లు ఒక సైజు పెద్దవి అడగండి. బిగుతు బూట్లో రెండు జతల మందపాటి సాక్సులు దూరిస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా త్వరగా మొద్దుబారతాయి. చేతుల్లో పట్టుకునే హీట్ ప్యాక్‌లో ఉండేది ఇనుప పొడి, గాలి తగిలితేనే వేడెక్కుతుంది. దాన్ని బూట్లో కుక్కితే గాలి అందక చల్లారిపోతుంది. కాళ్లకు వేరే రకం అమ్ముతారు, అవి కొనండి. నిలబడటం మంచు మీద కన్నా చెక్క పలక మీదో కొమ్మల మీదో అయితే పాదాలకు ఎంత తేడానో అరగంటలో తెలుస్తుంది.

తిండి విషయం బుకింగ్‌లోనే రాయాలి. బస్సెక్కాక ‘మేం వెజ్’ అంటే మిగిలేది బిస్కెట్లు, హాట్ చాక్లెట్. చాలా టూర్లలో ఇచ్చేది ఎండబెట్టిన భోజనం ప్యాకెట్, వేడినీళ్లు పోసి మూసి కొన్ని నిమిషాలు ఆగితే అన్నమో పాస్తానో తయారు. ఇందులో బాగా పేరున్న రియల్ టుర్మాట్ తయారయ్యేది ట్రోమ్సోలోనే. బీఫ్, చేప రకాలు ఎక్కువ, శాకాహారపువీ ఉన్నాయి. తినని వాళ్లు ప్యాకెట్ మీద పేరు చదివి తీసుకోండి. ఉప్పు సరిపడా, కారం శూన్యం. జేబులో కారప్పొడి పొట్లం తెచ్చుకుంటే ఎవరూ ఏమీ అనరు.

మొత్తం టూర్లలో డబ్బుకు ఎక్కువ తిరిగిచ్చేది కుక్కల స్లెడ్ (కుక్కలు లాగే, మంచు మీద జారే బండి), అదీ మీరే నడిపేది. ఊరి పక్కనున్న క్వాలోయా దీవి మీద కేంద్రాలున్నాయి, బస్సులో అరగంట పైచిలుకు. ఇద్దరికో స్లెడ్, ఒకరు కూర్చుంటారు, ఒకరు వెనక నిలబడి నడుపుతారు, సగం దారిలో మారతారు. కట్టేది అలాస్కన్ హస్కీలను. తెల్లకళ్ల సినిమా కుక్కలు కావవి, సన్నగా, రకరకాల రంగుల్లో ఉంటాయి, ‘ఇవేం లాగుతాయి’ అనిపిస్తుంది. తాడు కట్టగానే గోల మొదలు, పరుగు ఆరంభించాక అంతా నిశ్శబ్దం. పరిగెడుతూనే కాలకృత్యాలు కూడా కానిచ్చేస్తాయి, కూర్చున్నవాళ్ల ముక్కు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది.

నడపడంలో సూత్రాలు కొన్నే. మొదటిది, పడినా చేతిపట్టు వదలొద్దు. వదిలితే కుక్కలు ఆగవు, కూర్చున్న మనిషితో సహా వెళ్లిపోతాయి. స్లెడ్ కింద మంచు మీద జారే రెండు పట్టీల (రన్నర్ల) మధ్య ఇనుప పళ్ల బ్రేకు ఉంటుంది, ఆపాలంటే రెండు కాళ్లూ వేసి మొత్తం బరువు దాని మీద పెట్టాలి. ఒక కాలితో ఆనిస్తే వేగం తగ్గుతుంది కానీ ఆగదు. ఆగాక కూడా బ్రేకు మీదే నిలబడాలి, లేదా స్లెడ్‌కు కట్టి ఉన్న కొక్కాన్ని మంచులో తొక్కాలి. దిగువకు పోయేటప్పుడు తాడు ఎప్పుడూ బిగుతుగా ఉండేలా కాస్త బ్రేకు ఆనించకపోతే స్లెడ్ వెళ్లి వెనక జత కుక్కల కాళ్లకు తగులుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక కాలితో తోయాలి, ఊరికే నిలబడితే కుక్కలు వెనక్కి తిరిగి చూస్తాయి. ఆ చూపుకు సిగ్గుపడనివాళ్లు తక్కువ. పడిపోయేవాళ్లు ఎక్కువగా మొదటి మలుపులోనే పడతారు, మోకాళ్లు బిగపట్టి కర్రలా నిలబడటం వల్ల. మోకాళ్లు వంచి, ఒళ్లు మలుపు లోపలి వైపుకు వాల్చాలి. రెండో కారణం ఒంటిచేత్తో వీడియో తీయడం. ఫోటోలు కూర్చున్నప్పుడు తీసుకోండి. గర్భిణులను, నడుము నొప్పి ఉన్నవాళ్లను స్లెడ్ ఎక్కించరు, దాచి ఎక్కడం తెలివి కాదు.

నవంబర్‌లో, డిసెంబర్ మొదట్లో మంచు చాలక చక్రాల బండికి కట్టి తిప్పే రోజులుంటాయి. సరదాగానే ఉంటుంది, కానీ స్లెడ్ ధరకు కాదు. బుకింగ్ పేజీలో ‘మంచు లేకపోతే ఏమిటి’ అన్న వాక్యం వెతికి చదవండి.

రెయిన్‌డీర్ టూర్ మెల్లటి వ్యవహారం. దాణా బకెట్ పట్టుకోవడం, చిన్న స్లెడ్ సవారీ, లావ్వు గుడారంలో మంట చుట్టూ కూర్చుని బిడోస్ తినడం. బిడోస్ అంటే రెయిన్‌డీర్ మాంసం, బంగాళాదుంప, క్యారెట్‌తో వండే, ఇక్కడి ఆదివాసులైన సామీల పులుసు. సామీ కుటుంబాలే నడిపే టూర్ అయితే వాళ్ల సంప్రదాయ యోయిక్ పాట, మందల మీద మాటలు ఉంటాయి. లేదంటే మిగిలేది బకెట్టే. మీ మందలో ఎన్ని రెయిన్‌డీర్లు అని మాత్రం అడగకండి, బ్యాంకులో ఎంత ఉందని అడిగినట్టు.

తిమింగలాల టూర్ నవంబర్ నుంచి జనవరి చివరి దాకానే. హెర్రింగ్ చేపల గుంపులు ఏ ఫ్యోర్డ్‌లో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో) చలికాలం గడిపితే హంప్‌బ్యాక్ తిమింగలాలు, ఓర్కాలు అక్కడికి వస్తాయి. ఒకప్పుడు ట్రోమ్సో పక్కనే వచ్చేవి, తర్వాత చేపలు ఉత్తరాన షెర్వోయ్ వైపు మారాయి. పెద్ద పడవలో అక్కడికి పోవడానికే సుమారు మూడు గంటలు, రావడానికి మూడు గంటలు, మొత్తం రోజంతా. వెచ్చటి క్యాబిన్ ఉంటుంది, కానీ మధ్యలో సముద్రం తెరుచుకునే చోట పడవ ఊగుతుంది. వాంతుల మాత్ర బయల్దేరడానికి ముందే వేసుకోవాలి, ఊగాక వేసుకుంటే మాత్రే బయటికొస్తుంది. షెర్వోయ్‌లో రాత్రి ఉండి అక్కడి నుంచి గాలి నింపిన చిన్న రబ్బరు పడవలో వెళ్తే నీటి మట్టం నుంచి చూడొచ్చు, ప్రయాణం తక్కువ, చలి ఎక్కువ.

అందుకే నెల ఎంచుకోవడంలోనే సగం బేరం తేలిపోతుంది. నవంబర్ 27 నుంచి జనవరి 15 దాకా సూర్యుడు దిగంతం దాటి రాడు, మధ్యాహ్నం కొన్ని గంటలు నీలి వెలుగు మాత్రమే. మనం భోగి మంటలు వేసుకునే వారంలో లెక్క ప్రకారం సూర్యుడు తిరిగొస్తాడు. కొండలు అడ్డం కాబట్టి ఊరివాళ్లకు కనిపించేది జనవరి 21న, ఆ రోజు జామ్ నింపిన బన్నులు తిని పండగ చేసుకుంటారు. తిమింగలాలు కావాలంటే ఈ చీకటి కాలంలో రావాలి. అవి అక్కర్లేదంటే ఫిబ్రవరి చివర, మార్చి మేలు: మంచు నిలకడగా ఉంటుంది, పగలు స్లెడ్‌కు వెలుతురు ఉంటుంది, మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు చుట్టూ అరోరా చురుకు కూడా ఎక్కువ.

నాలుగు రాత్రులుంటే అరోరా టూర్‌ను మొదటి రాత్రికే పెట్టుకోండి, కనిపించకపోతే మిగతా మూడూ చేతిలో ఉంటాయి. ఆఖరి రాత్రికి దాచుకుంటే మబ్బు మీ విమానం కోసం ఆగదు. అరోరా టూర్ మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు కుక్కల స్లెడ్‌కు వెళ్లే బస్సు మాత్రం తీసుకోకండి. ఫిన్లాండ్ దాకా పోయిన మినీబస్ హోటల్ దగ్గర దించేసరికి రాత్రి రెండు, ఒక్కోసారి మూడు దాటుతుంది.