ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు యాప్: 'ఎగ్జాజరేట్' దగ్గర ఎంతవరకు నిలబడింది?

అనువాదం నా పని. కొత్త నిఘంటువు ఏది చేతికొచ్చినా ముందు 'ఎగ్జాజరేట్' (exaggerate, ఉన్నదాన్ని ఎక్కువ చేసి చెప్పడం లేదా చూపడం) తీసి చూస్తాను. అర్థం తెలియనివాళ్లు తక్కువ, కానీ వాక్యంలో పెట్టాల్సి వచ్చినప్పుడే తికమక మొదలవుతుంది. నిఘంటువును భాష తెలిసినవాళ్లు కూర్చుని చేశారో, ఎక్కడిదో తెచ్చి నింపేశారో ఇలాంటి మాట దగ్గరే తెలిసిపోతుంది. డబ్బు కట్టి తీసుకున్న ఈ యాప్‌నూ అలాగే చూశాను.

ఉచ్చారణకు పూర్తి మార్కులు. రెండు 'జి'లు చూసి మనలో చాలామంది 'ఎగ్జాగరేట్' అనేస్తారు. ఇక్కడ ఆ రెండూ కలిసి 'జ' అవుతాయి, 'ఎక్స్' 'గ్జ్'గా పలుకుతుంది, ఊనిక 'గ్జా' మీద పడుతుంది. యాప్‌లో బ్రిటిష్, అమెరికన్ గొంతులు రెండూ ఉన్నాయి, నెమ్మదిగా వినే వీలు కూడా ఉంది.

అసలు చిక్కు అర్థాల్లో. 'అతిశయోక్తి చెప్పు, గొప్పలు చెప్పు, అబద్ధం చెప్పు' అని మూడు వరసగా పెట్టి వదిలేశారు. మొదటిది సరే. రెండోది సగమే నిజం: చిన్న తలనొప్పిని ప్రాణాపాయంలా వర్ణించే మనిషి కూడా ఎగ్జాజరేట్ చేస్తున్నట్టే, కానీ అతను గొప్పలేమీ చెప్పుకోవడం లేదు కదా. మూడోది మాత్రం ప్రమాదం. నష్టాన్ని ఎగ్జాజరేట్ చేశారంటే నష్టం జరిగింది, దాన్ని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపారు అని. దాన్ని 'నష్టం గురించి అబద్ధం చెప్పారు' అని తెలుగు చేస్తే అసలు నష్టమే లేదన్నట్టు అవుతుంది. వార్తలోనైనా, కోర్టు కాగితంలోనైనా అలా రాస్తే అవతలివాళ్ల మీద లేని నింద వేసినట్టే.

పద చరిత్రలో లాటిన్ మూలానికి కుప్ప పోయడం, పోగు చేయడం అని అర్థమనీ, ఇంగ్లిష్‌లోకి 16వ శతాబ్దంలో వచ్చిందనీ చక్కగా ఇచ్చారు. అంత చేసినవాళ్లు 'గోరంతలు కొండంతలు చేయు' అన్న మాటను అర్థాల్లో ఎందుకు చేర్చలేదో నాకు అంతుపట్టలేదు. ఇంతకన్నా దగ్గరి తెలుగు దొరకదు.

ఇంకో లోపం. ఈ క్రియకు నోరున్న కర్త అక్కర్లేదు. పక్క నుంచి పడే వెలుతురు ముఖం మీది ముడతల్ని ఎగ్జాజరేట్ చేస్తుంది, వ్యంగ్య చిత్రకారుడి గీత ముక్కును ఎగ్జాజరేట్ చేస్తుంది. 'చెప్పు' దగ్గరే ఆగిపోయిన నిఘంటువుతో ఈ వాక్యాలు తెలుగులోకి రావు. 'ముడతలు మరీ కొట్టొచ్చినట్టు కనిపించాయి' అని మనమే వెతుక్కోవాలి.

ఉదాహరణల భాగం చూశాక నా కోపం చాలా తగ్గింది. 'కెనాట్ బి ఎగ్జాజరేటెడ్' కింద 'ఎంత చెప్పినా తక్కువే' అని ఇచ్చారు. అది తెలుగు! 'అతిశయోక్తి చేయబడజాలదు' లాంటి రాళ్లు మింగి మింగి ఉన్న నాకు ప్రాణం లేచొచ్చింది. నామవాచకం 'ఎగ్జాజరేషన్' కింద అమెరికన్ రచయిత మార్క్ ట్వైన్ మాట ఉంది: 'నా చావు కబురు అతిశయోక్తి' అని. 1897లో తాను పోయానన్న పుకారు మీద ఆయన రాసిన ఆ వాక్యంలో 'గ్రేట్‌లీ' (ఎంతగానో) అన్న మాట లేదు, తర్వాత జనం నోట చేరింది. వీళ్లు అది లేకుండానే ఇచ్చారు. మూలం చూసి వేశారన్నమాట. వెనక ఎవరో శ్రద్ధగల మనిషి ఉన్నారు, అర్థాల పెట్టె కూడా వారికే అప్పగిస్తే బాగుండును.

ఇంగ్లిష్ మాట్లాడటం నేర్చుకునేవాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. తెలుగులోకి రాసేవాళ్లు మాత్రం పైనున్న మూడు అర్థాల దగ్గర ఆగకుండా కిందికి జరిపి ఉదాహరణలు చదవండి. నెట్ లేనప్పుడు ఆడియో రాదు, అక్షరాలు మాత్రం వస్తాయి.