మస్టాంగ్‌కి నాలుగు డోర్లు పెడితే తప్పేంటి?

నల్గొండలో మా బావ దోస్తు దగ్గర రెండు డోర్ల స్పోర్ట్స్ కారు ఉంది, మొన్న అందులో నార్కట్‌పల్లి దాకా వెళ్లొచ్చాం. ముందు సీటు మడిచి, నడుం వంచి వెనక్కి దూరితే మోకాళ్లు సీటుకి గుచ్చుకున్నాయి, తల రూఫ్‌కి ఆనింది. అమ్మని అందులో ఎక్కించే ముచ్చటే లేదు.

అందుకే రెండు డోర్ల స్పోర్ట్స్ కారు ఫోర్డ్ మస్టాంగ్‌కి సెడాన్, అంటే నాలుగు డోర్ల కారు, తీయాల్సిందే అంటాను. డాడ్జ్ చూడండి, 2006 మోడల్‌గా చార్జర్‌ని నాలుగు డోర్లతో తెచ్చింది, 2008లో దాదాపు అదే ప్లాట్‌ఫాం (కారు కింది నిర్మాణం) మీద చాలెంజర్ కూపే, అంటే రెండు డోర్ల కారు, తెచ్చింది, రెండూ 2023 దాకా పక్కపక్కనే నడిచాయి. పోర్షే 2009లో నాలుగు డోర్ల పానమెరా తెచ్చినా, దాని రెండు డోర్ల స్పోర్ట్స్ కారు 911కి పోయిందేమీ లేదు.

కూపే అందం మాత్రం వేరు. వెనక్కి జారే ఆ రూఫే దాని ప్రాణం. వెనక తల పట్టాలంటే రూఫ్ లేపాలి, డోర్లు పట్టాలంటే పొడవు పెంచాలి, బరువూ పెరుగుతుంది, మలుపుల్లో ఆ తేడా తెలుస్తుంది. మజ్దా ఆర్‌ఎక్స్-8కి వెనక చిన్న డోర్లు పెట్టి మధ్యేమార్గం చూసింది, నాకది చాలా నచ్చింది, కానీ ముందు డోరు తీస్తేనే వెనకది తెరుచుకుంటుంది.

హైదరాబాద్ రోడ్డు మీద ఇంటిల్లిపాదీ వెళ్లేవాళ్లకి సెడానే కావాలి. కూపేని ఆపకుండా, సెడాన్‌ని వేరే పేరుతో తీయండి చాలు.